కడుపు ఫ్లూని గుర్తించాల్సిందే!

వాంతులూ విరేచనాలూ పట్టుకుంటే దాని పేరు ‘కడుపు ఫ్లూ’ అని జనం ఎప్పుడో ఏకగ్రీవంగా తీర్మానించేశారు. వైద్యశాస్త్రం ఒక్కటే ఇంకా మొండికేస్తోంది. ఫ్లూ అంటే ఇన్‌ఫ్లుయెంజా, అది ముక్కు, గొంతు, ఊపిరితిత్తుల వ్యవహారం, కడుపులో తిప్పేది చాలాసార్లు నోరోవైరస్, రెండింటికీ వేలు విడిచిన చుట్టరికం కూడా లేదు అని సన్నాయి నొక్కులు నొక్కుతోంది. ఇంతమంది కలిసి చుట్టరికం కలుపుతుంటే కాదనడానికి శాస్త్రమెవరు?

శాస్త్రం వాదన ఎంత చాదస్తమో చూడండి. ఫ్లూ వైరస్‌కి పైన కొవ్వు పొర ఉంటుందట. శానిటైజర్‌లోని ఆల్కహాల్‌కి ఆ పొర కరిగిపోయి వైరస్ చస్తుందట. నోరోవైరస్‌కి ఆ చొక్కాయే లేదు, ఉన్నదల్లా గట్టి ప్రొటీన్ డొల్ల. కాబట్టి సీసాడు శానిటైజర్ పూసినా దానికి చీమ కుట్టినట్టయినా ఉండదట. సబ్బు రాసి 20 సెకన్లు రుద్ది, ధార కింద కడగాలట. సబ్బు దాన్ని చంపదు, చేతిమీంచి జారగొడుతుంది, అంతే.

నేలమీద వాంతి పడితే మరీ చాదస్తం. ముందు గ్లవ్స్ వేసుకుని, కాగితంతో మొత్తం ఎత్తేయాలి. తర్వాత లీటరు నీళ్లలో 5 శాతం బ్లీచ్ ద్రావణం కనీసం 20 మిల్లీలీటర్లు కలిపి పోసి, 5 నిమిషాలు తడిగా వదలాలి. ఎత్తకుండా పోస్తే క్లోరిన్ బలమంతా ఆ మురికికే సరిపోతుంది, వైరస్ దాకా రాదు. మనవాళ్లేమో పోసిన మరుక్షణమే తుడిచేస్తారు. శుభ్రత మీద అంత ఆత్రం!

ఇక అసలు ముద్దాయి, ఫ్లూ టీకా. సూది వేయించుకున్న వారానికి వాంతులైతే ‘టీకా పనిచేయలేదు’ అని తీర్పు. అత్త మీద కోపం దుత్త మీద చూపడంలో మనకు సాటి లేదు. మర్నాడు ఒళ్లు వెచ్చబడితే ‘టీకాయే ఫ్లూ అంటించింది’ అని మరో తీర్పు. సూదిమందులో ఉండేది చచ్చిన వైరస్ లేదా దాని ముక్కలే. చచ్చింది అంటించదు. ఆ నలతంతా రోగనిరోధక వ్యవస్థ దాన్ని చూసి కసరత్తు చేయడం వల్ల. యాంటీబాడీలు సిద్ధం కావడానికి రెండు వారాలు పడుతుంది. ఈలోగా ఎక్కడో ఫ్లూ తగిలించుకుని నేరం సూదిమీదకి నెట్టేయొచ్చు.

టీకాలో ఏ రకాలుండాలో ఉత్తరార్ధగోళానికి ఫిబ్రవరిలో, దక్షిణానికి సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది. ఎక్కువ భాగం కోడిగుడ్లలో పెంచి తయారుచేసేసరికి ఆర్నెల్లు. ఈలోపు వైరస్ ఏ ఎండకా గొడుగు పట్టేస్తుంది. టీకాకీ ఊళ్లో తిరిగే వైరస్‌కీ జోడీ బాగా కుదిరిన ఏడు, డాక్టర్ దాకా వెళ్లాల్సిన ఫ్లూ ముప్పు 40 నుంచి 60 శాతం తగ్గుతుంది. (యమగాటా అనే ఫ్లూ బీ రకమైతే 2020 మార్చి తర్వాత చెప్పాపెట్టకుండా కనబడటం మానేసింది. దాంతో నాలుగు రకాల టీకా మూడుకి దిగింది.) నోరోవైరస్ ఈ టీకా జాబితాలో ఏనాడూ లేదు. అందుకే మా డిమాండ్: కడుపు ఫ్లూని వెంటనే గుర్తించి, వైరస్‌కి కూడా ఆ సంగతి తెలియజేయాలి.

ప్రతిగా శాస్త్రం ఒకే షరతు పెడుతోంది: వాంతులు, విరేచనాలు ఆగాక కూడా 48 గంటలు వంటగదిలో అడుగుపెట్టొద్దట. ఇది ఒప్పుకునే సూచనలు లేవు. రెండు రోజులు కడుపు మాడినవాడు లేచి ముందు వెళ్లేది అక్కడికే.