1920కి ముందు అమెరికా స్త్రీలు ఓటు వేయలేదన్న మాట నిజం కాదు

"స్వతంత్రం వచ్చిన 144 ఏళ్లకు గాని అమెరికా స్త్రీలకు ఓటు దక్కలేదు, అంతవరకు వారు అడగనూ లేదు, 1920లో అందరికీ ఒకేసారి ఇచ్చారు" అనే సందేశం మన దేశ తొలి సార్వత్రిక ఎన్నికలతో పోలుస్తూ విస్తృతంగా ప్రచారమవుతోంది. వయోజన ఓటు హక్కుతోనే గణతంత్రాన్ని ప్రారంభించడం మనం గర్వించదగిన విషయమే. అయితే ఆ గర్వం కోసం మరో దేశపు స్త్రీల చరిత్రను చెరిపివేయడం అన్యాయం.

మొదటి వాదన పూర్తిగా తప్పు. 1776 జులై 2న ఆమోదించిన న్యూజెర్సీ రాజ్యాంగం యాభై పౌండ్ల ఆస్తి, ఏడాది నివాసం ఉన్న వయోజనులకు స్త్రీ పురుష భేదం చూపకుండా ఓటు ఇచ్చింది. ఇది రాతలో దొర్లిన పొరపాటని కొందరు తోసిపుచ్చుతారు గాని, 1790లో కొన్ని కౌంటీలకూ, 1797లో రాష్ట్రమంతటికీ చేసిన ఎన్నికల చట్టాలు ఓటరును "అతడు లేదా ఆమె" అని స్పష్టంగానే పేర్కొన్నాయి. వివాహిత ఆస్తి భర్తకే చెందుతుందన్న నాటి న్యాయసూత్రం వల్ల ఈ హక్కు ప్రధానంగా వితంతువులకు, అవివాహితలకు పరిమితమైంది. బానిసలు కాని, ఆస్తి ఉన్న నల్లజాతివారు కూడా ఓటు వేశారు. 1807లో ఎసెక్స్ కౌంటీలో న్యాయస్థాన భవనం ఎక్కడ కట్టాలన్న ఓటింగులో విచ్చలవిడిగా దొంగ ఓట్లు పడ్డాయి. ఆ అక్రమాల్లో పురుషులూ పాల్గొన్నారు. అయినా అదే ఏడాది శాసనసభ ఓటును పన్ను చెల్లించే శ్వేతజాతి పురుషులకే పరిమితం చేసి, స్త్రీల నుంచీ నల్లజాతివారి నుంచీ దానిని లాగేసుకుంది. లేని హక్కు ఆలస్యంగా రావడం వేరు, ఉన్న హక్కును ఊడబెరుక్కోవడం వేరు. ఈ రెండవ అన్యాయమే సందేశంలో పూర్తిగా మాయమైంది.

అడగలేదన్న వాదన మరింత బాధాకరం. మేరీలాండ్‌లో భూస్వామిని, మరణించిన గవర్నర్ ఆస్తి నిర్వాహకురాలు అయిన మార్గరెట్ బ్రెంట్ 1648లోనే సభలో తనకు రెండు ఓట్లు కావాలని కోరగా, కొత్త గవర్నర్ నిరాకరించాడు. 1776 మార్చి 31న అబిగైల్ ఆడమ్స్, కొత్త చట్టాలలో స్త్రీలను మరువవద్దని, భర్తల చేతికి అపరిమిత అధికారం ఇవ్వవద్దని స్వాతంత్ర్యోద్యమ నాయకుడైన తన భర్త జాన్ ఆడమ్స్‌కు రాసింది. తనకు నవ్వు వస్తోందని ఆయన బదులిచ్చాడు. మసాచుసెట్స్‌లో బానిసగా ఉన్న ఎలిజబెత్ ఫ్రీమన్, రాష్ట్ర రాజ్యాంగం మనుషులందరినీ స్వేచ్ఛాజీవులన్నది గనుక తానూ స్వతంత్రురాలినేనని 1781లో న్యాయస్థానానికి వెళ్లి గెలిచింది. ఈ స్త్రీలు అడగలేదనడానికి మనకు ఏ ఆధారముంది? 1848లో సెనెకా ఫాల్స్‌లో జరిగిన స్త్రీ హక్కుల సభలో 68 మంది స్త్రీలు, 32 మంది పురుషులు సంతకం చేసిన ప్రకటన ఇంత గతం ఉన్న నేల మీద వెలువడినదే.

1920లో అందరికీ ఒకేసారి ఇచ్చారన్నదీ నిలవదు. వయోమింగ్ 1869లోనే స్త్రీలకు ఓటు ఇచ్చింది. మోంటానా నుంచి జానెట్ రాంకిన్ 1916లోనే కాంగ్రెస్‌కు ఎన్నికైంది. 1920 నాటి పంతొమ్మిదవ రాజ్యాంగ సవరణ లింగభేదం కారణంగా ఓటు నిరాకరించరాదన్నదే తప్ప దక్షిణాది రాష్ట్రాలలో ఓటుకు షరతుగా పెట్టిన తలపన్నును, అక్షరాస్యత పరీక్షలను తొలగించలేదు. ఆదివాసీలందరికీ పౌరసత్వమే 1924లో వచ్చింది. ఆ సవరణ జరిగిన 42 ఏళ్లకు, 1962లో మిసిసిపీలో నల్లజాతి మహిళ ఫానీ లూ హామర్ ఓటరుగా నమోదు కోసం వెళితే పరీక్ష పేరుతో తిప్పి పంపారు. ఆమె చాలాకాలంగా పని చేస్తున్న తోట యజమాని అదే రోజు ఆమెను వెళ్లగొట్టాడు.