మగవాళ్ల నోము

మన సంప్రదాయంలో మగజాతికి ఒక పెద్ద అన్యాయం జరిగింది. నోములన్నీ ఆడవాళ్లకే ఇచ్చేశారు. అట్లతద్ది వాళ్లదే, పదహారు ఫలాల నోము వాళ్లదే, గ్రామకుంకుమ నోమూ వాళ్లదే. తెల్లవారకముందే లేవడం, చంద్రుడు కనిపించేదాకా పస్తుండడం, చివర్లో వాయనాలివ్వడం... ఇంత పుణ్యమూ ఒక్క పక్షానికే పోయింది. ఆ నోము ఎవరి క్షేమం కోసమో ఆ మనిషి మాత్రం మంచం దిగకుండా కాఫీ కోసం ఎదురుచూస్తూ ఉండేవాడు.

ఇప్పుడా లోటు తీరింది. ఫిట్‌నెస్ మోడలింగ్ పోటీల రూపంలో మగపిల్లలకూ ఒక నోము దొరికింది. పోటీల భాషలో దీన్ని మెన్స్ ఫిజీక్ అంటారు. ఈ నోము పట్టదలచిన యువకుల సౌకర్యార్థం, అంతకంటే ముఖ్యంగా వాళ్ల ఇంట్లోవాళ్ల సౌకర్యార్థం, దీని విధివిధానాలను ఇక్కడ వివరిస్తున్నాను.

ప్రతి నోముకూ ఒక కథ ఉండాలి కనుక అక్షతలు పట్టుకుని కథ వినండి. 1901లో లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాల్లో యూజెన్ శాండో అనే వస్తాదు ఒక భారీ శరీర సౌష్ఠవ పోటీ పెట్టాడు. న్యాయనిర్ణేతల్లో ఒకాయన షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త ఆర్థర్ కానన్ డాయిల్. డిటెక్టివ్ కథలు రాసే మనిషిని కండలు చూడటానికి ఎందుకు కూర్చోబెట్టారా అని అప్పట్లో కొందరైనా అనుకుని ఉంటారు. ఇప్పటి పోటీల్లో ఎవరు ఏ ఇంజెక్షన్ పొడిపించుకుని వచ్చారో తేల్చాలంటే అలాంటివాడే కావాలి. తర్వాత 1946లో వీడర్ సోదరులు మాంట్రియల్‌లో బాడీబిల్డింగ్‌కు ఒక అంతర్జాతీయ సమాఖ్య స్థాపించారు. 1965లో ఈ రంగంలో అతిపెద్ద పోటీ మిస్టర్ ఒలింపియా మొదలైంది. ఆ వేదిక మీదికి 2013లో మెన్స్ ఫిజీక్ విభాగం వచ్చింది.

మన కథ వేరు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గారు ఛాతీ మీదికి ఏనుగును ఎక్కించుకునేవారు. అది దిగాక దులుపుకుని లేచేవారు. మనిషికి బలం ఉందో లేదో ఏనుగు చెప్పే రోజులవి. కొత్త నోములో ఏనుగుకు పాత్ర లేదు. బలం ఉన్నట్టు కనిపిస్తే చాలు, ఉండనవసరం లేదు. పోటీ రోజున మన కుర్రాడి చేత గ్యాస్ బండ మోయించే సాహసం ఎవరూ చేయకండి. ఏడాది మొత్తంలో అతను అతి నీరసంగా ఉండేది ఆ రోజే. అద్దంలో అతి బలంగా కనిపించేదీ ఆ రోజే.

నోము పట్టేముందు ఏ విభాగమో తేల్చుకోవాలి. బాడీబిల్డింగ్ అంటే చిన్న చెడ్డీ, పెద్ద కండలు. క్లాసిక్ ఫిజీక్‌లో ఎత్తును బట్టి బరువుకు గరిష్ఠ పరిమితి ఉంటుంది. మెన్స్ ఫిజీక్‌లో తొడలు కప్పే బోర్డ్ షార్ట్స్ వేసుకుంటారు కాబట్టి తొడలకు మార్కులు లేవు. జిమ్‌లో కాళ్ల వ్యాయామం ఉన్న రోజున మాత్రమే కడుపునొప్పి వచ్చే యువకులు మన రాష్ట్రాల్లో ఎంతోమంది ఉన్నారు. వాళ్లందరినీ ఆదుకోవడానికే ఈ విభాగం పుట్టిందని నా నమ్మకం. భుజాలు వెడల్పుగా, నడుము సన్నగా ఉండాలి. కండలు మరీ ఎక్కువైనా మార్కులు తగ్గుతాయి. ముందుకు తిరిగి నిలబడాలి, చెప్పినప్పుడు తిరగాలి, వీపు చూపించాలి, అంతసేపూ నవ్వు చెదరకూడదు. నవ్వునూ, నిలబడ్డ తీరునూ కూడా లెక్కలోకి తీసుకుంటారు. నాలుగడుగులు వెయ్యమని, ఇటు తిరగమని, కాస్త నవ్వమని మనిషిని ఎంచే పద్ధతి మన ఇళ్లలో ఎప్పట్నుంచో ఉంది. ఈసారి ఎంచేది అబ్బాయిని, అంతే తేడా.

ఇక నియమాలు. నాలుగైదేళ్లు బరువులెత్తి కండ పెంచుకున్న తర్వాతే నోముకు అర్హత వస్తుంది. జిమ్‌లో చేరిన రెండో నెలలోనే కొందరు స్టేజ్ గురించి మాట్లాడతారు. వాళ్లకు ఎదురు చెప్పకండి, మూడో నెలలో మానేస్తారు. అసలు దీక్ష పోటీకి 12 నుంచి 16 వారాల ముందు మొదలవుతుంది. మండలం 41 రోజులైతే ఇది దానికి రెండింతల పైమాట. దీన్నే కటింగ్ అంటారు. ఒంట్లో కొవ్వును కరిగించుకుంటూ, కండ మాత్రం కరగకుండా చూసుకోవాలి. అందుకని శరీరం బరువులో కిలోకు 1.6 నుంచి 2.2 గ్రాముల చొప్పున ప్రొటీన్ తినమంటారు. 75 కిలోల కుర్రాడికి రోజుకు 150 గ్రాములనుకుందాం. ఒక గుడ్డు తెల్లసొనలో ఉండేది 3.6 గ్రాములు. ఉత్త తెల్లసొనల మీదే బతకదలచుకుంటే రోజుకు నలభైకి పైగా కొట్టాలి. అందుకే చికెన్ బ్రెస్ట్ పీసులు, పన్నీరు, వే ప్రొటీన్ పొడి తోడవుతాయి.

ఇక్కడే ఈ నోము అసలు గొప్పతనం బయటపడుతుంది. నోము పట్టేది అబ్బాయి, మడి కట్టుకోవాల్సింది అమ్మ. తెల్లవారుజామున అయిదింటికి గుడ్లు ఉడకేసేది ఆమె. పెంకులు ఒలిచేది ఆమె. చికెన్‌ను ఉప్పు లేకుండా, కారం లేకుండా, నూనె లేకుండా, అంటే వంట అనే మాటకు అర్థమే లేకుండా వండి పెట్టేదీ ఆమే. ముప్ఫై ఏళ్లుగా చేత్తో చిటికెడు, గుప్పెడు అని కొలుచుకున్న మనిషికి ఒక డిజిటల్ త్రాసు కొనిచ్చి, బియ్యం 60 గ్రాములే వెయ్యమని ఆర్డరు వేస్తాడు కొడుకు. ప్రొటీన్, పిండిపదార్థాలు (కార్బ్స్), కొవ్వులు రోజుకు ఎన్నెన్ని గ్రాములో వేసుకున్న ఆ లెక్కకు అతని భాషలో మాక్రోస్ అని పేరు. రోజుకు ఆరు పూటలు, ఆరు డబ్బాలు. సాయంత్రం అవి సింకులోకి తిరిగొస్తాయి. డబ్బా కడిగితే ఎన్ని కేలరీలు ఖర్చవుతాయో అతనికి తెలియక కాదు. ఆ కేలరీలు పుణ్యం ఖాతాలోకి ఎక్కవు.

"ఒరేయ్, కాస్త పప్పు వేసుకోరా, ముఖం పీక్కుపోయింది."

"వద్దమ్మా, మాక్రోస్ పాడవుతాయి."

"వాళ్లెవర్రా?"

పచ్చసొనల సంగతి మరీ క్లిష్టమైనది. రోజూ మిగిలే ఆ పసుపుపచ్చ రాశిని పారేయడానికి ఏ తెలుగు తల్లికీ చేతులు రావు. అట్టు, పులుసు, వేపుడు, మళ్లీ అట్టు. మూడు నెలలు తిరిగేసరికి కొడుక్కి సిక్స్ ప్యాక్ వస్తుంది, తండ్రికి కొలెస్ట్రాల్ వస్తుంది. ఇద్దరి రిపోర్టులూ ఒకే ఫ్రిజ్ మీద అతికించిన ఇళ్లు ఉన్నాయంటే నేను నమ్ముతాను. మధ్యలో మేనకోడలి పెళ్లి వస్తుంది. బంతిలో కూర్చున్న అందరి విస్తళ్లలోనూ పూర్ణాలు పడుతుండగా మనవాడు సంచీలోంచి డబ్బా తీసి చల్లారిన కోడి ముక్క కొరుకుతాడు. శాకాహారుల పెళ్లి అయితే ఆ వరసన ఎవరూ ఉండరు.

శాస్త్రం ఏమంటుందని అడగబోతారేమో. హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. కండలు పెంచడానికి ప్రొటీన్ సప్లిమెంట్ల జోలికి పోవద్దని 2024లో విడుదలైన ఆహార మార్గదర్శకాల్లో అది స్పష్టంగానే చెప్పింది. అదే తార్నాకలో బస్సెక్కి రెండు స్టాపులు దాటక ముందే ఆ ప్రొటీన్ డబ్బాలు అమ్మే దుకాణం కనిపిస్తుంది. శాస్త్రవేత్త కంటే కోచ్ పెద్దవాడు. ఎందుకంటే శాస్త్రవేత్తకు బైసెప్స్ లేవు.

పోటీ దగ్గరపడ్డాక రంగు ఘట్టం వస్తుంది. ఇది నాకు అత్యంత ప్రీతిపాత్రమైన భాగం కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. మన దేశంలో 1975లో ఫెయిర్ అండ్ లవ్‌లీ వచ్చింది. మగవాళ్లు మాత్రం ఏం పాపం చేశారని 2005లో ఫెయిర్ అండ్ హ్యాండ్‌సమ్ వచ్చింది. 2020లో మొదటిదాని పేరులోంచి ఫెయిర్ తీసేసి గ్లో పెట్టారు, పెళ్లి ప్రకటనల్లోంచి మాత్రం ఎవరూ ఏమీ తీసెయ్యలేదు. అలాంటి నేల మీద, ఇంటర్ నుంచి ఆ ట్యూబులే పిండుకున్న కుర్రాడు పోటీ ముందురోజు రాత్రి డబ్బిచ్చి మరీ ఒళ్లంతా ముదురు రంగు పూయించుకుంటాడు. స్టేజ్ లైట్ల వెలుగులో లేతరంగు ఒళ్లు పాలిపోయి కండల గీతలు కనిపించవు. రంగు ముదిరితేనే ప్రతి కండా విడిగా తేలుతుంది. అంటే ముప్ఫై వేల వాట్ల లైట్లు పెట్టి చూస్తే తప్ప మనవాళ్లకు నలుపులో అందం కనబడదన్నమాట. (వాట్ల లెక్క నాది, పట్టించుకోకండి.)

రంగుకు ముందు ఒంటిమీది వెంట్రుకలన్నీ తీసెయ్యాలి. ఆ పని బ్యూటీ పార్లర్లలో ఆడవాళ్లు ఎప్పట్నుంచో చేయించుకుంటున్నారు. మొదటి వ్యాక్సింగ్ పట్టీ లాగినప్పుడు వీరుడి నోటి నుంచి వెలువడే శబ్దం విన్న చెల్లెళ్లు ఆ ఆనందాన్ని జీవితాంతం దాచుకుంటారు. రంగు ఒకటికి రెండు పూతలు వేస్తారు. ఆరేదాకా చేతులు రెండూ పక్కకు చాపి నిలబడాలి. స్నానం కూడదు. డియోడరెంట్ కొడితే చంకలు ఆకుపచ్చగా మారే ప్రమాదం ఉంది. లాడ్జి దుప్పటి మీద పడుకుంటే తెల్లారేసరికి అతని ఆకారం దుప్పటి మీద అచ్చయి ఉంటుంది. అనుభవజ్ఞులు ఇంటి నుంచి పాత దుప్పటి పట్టుకెళ్తారు. అది ఉతికేది ఎవరో మళ్లీ చెప్పక్కర్లేదు.

చివరి వారంలో కొందరు గురువులు ఉప్పు మాన్పిస్తారు, తర్వాత నీళ్లు మాన్పిస్తారు. చర్మం కింది నీరు పోతే గీతలు బాగా తేలతాయని వాళ్ల సిద్ధాంతం. కండలో ముప్పావు వంతు నీళ్లేనన్న సంగతి పదో తరగతి పుస్తకంతో పాటే పాత పేపర్లవాడికి అమ్మేశారు. నీళ్లు మానడం చాలదని మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు మింగేవాళ్లూ ఉన్నారు. 1992లో మొహమ్మద్ బెనజీజా అనే పెద్ద పేరున్న క్రీడాకారుడు నెదర్లాండ్స్‌లో పోటీ ముగిసిన కొద్ది గంటల్లోనే గుండె ఆగి చనిపోయాడు. ఒంట్లో నీరు అలా తోడేసుకోవడమే దానికి కారణమని చెబుతారు. అట్లతద్ది పస్తులో చంద్రుడు కనిపించగానే నీళ్లు తాగొచ్చు. ఇక్కడ చంద్రుడి అనుమతి చాలదు, కోచ్ వాట్సాప్‌లో సరే అనాలి.

సూదుల గురించి రెండు మాటలే. పాతకాలపు నోములకు ఫలశ్రుతి సంతానం, సౌభాగ్యం. స్టిరాయిడ్లు పుచ్చుకుంటే ఫలశ్రుతి తిరగబడుతుంది. బయటి నుంచి హార్మోన్ వస్తోంది కదా అని ఒళ్లు సొంత ఉత్పత్తి ఆపేస్తుంది. వీర్యకణాలు తగ్గుతాయి, వృషణాలు కుంచించుకుపోతాయి, కొందరికి రొమ్ములు పెరుగుతాయి, గుండె, కాలేయం దెబ్బతింటాయి. ఆపరేషన్ థియేటర్లో రక్తపోటు పడిపోయిన రోగికి ఇవ్వాల్సిన మెఫెంటెర్మిన్‌ను జిమ్ కుర్రాళ్లకు అమ్ముతూ దొరికిపోయినవాళ్ల వార్తలు హైదరాబాద్‌లో తరచూ చూస్తున్నాం. నోముల కథల చివర పద్ధతి తప్పినా ఫలం తప్పదని అభయమిస్తారు. ఈ నోముకూ అది అక్షరాలా వర్తిస్తుంది.

సూదుల జోలికి పోనివాళ్లు డోపింగ్ పరీక్షలు జరిపే పోటీలనే వెతుక్కోవాలి. వెతుక్కోవడానికి కొదవేం లేదు, సమాఖ్యలు బోలెడు. అంతర్జాతీయ సమాఖ్యే 2017లో ప్రొఫెషనల్ లీగ్‌తో తెగతెంపులు చేసుకుంది. మన దగ్గర కూడా ఎవరి సంఘం వారిదే, ఎవరి మిస్టర్ ఇండియా వారిదే. ఒకే ఏడాదిలో ఇద్దరు ముగ్గురు మిస్టర్ ఇండియాలున్నా ఎవరూ కొట్టుకోరు. అంత ఓపిక వాళ్ల దగ్గర ఉండదు, కార్బ్స్ లేవు కదా.

రాబడి మాటేమిటని తండ్రులు అడుగుతారు. ఎంట్రీ ఫీజు మనమే కట్టాలి. కోచ్‌కు, రంగు పూసినవాడికి, ఫొటోగ్రాఫర్‌కు, రైలుకు, లాడ్జికి మనమే ఇవ్వాలి. చిన్న పోటీ గెలిస్తే ఒక కప్పు, ఒక పతకం, ఒక్కోసారి ఒక ప్రొటీన్ డబ్బా వస్తాయి. హైదరాబాద్ కుర్రాడు రోహిత్ ఖండేల్వాల్ 2016లో మిస్టర్ వరల్డ్ అయ్యాడు కదా అని కొడుకు వాదిస్తాడు. అది అందాల పోటీ, ఇది వేరు అని తండ్రి అనకూడదు, అంటే ఆ పూట ఆరు డబ్బాల్లో ఒకటి మిగిలిపోతుంది. నిజానికి ఈ రంగంలో డబ్బు కండలున్నవాళ్ల దగ్గర లేదు, కండలు కావాలనుకునేవాళ్ల దగ్గర ఉంది. కాబట్టి పతకం వచ్చిన వారంలోపే కుర్రాడు ఆన్‌లైన్ కోచింగ్ మొదలుపెట్టి, తనలాంటి మరో పదిమందిని ఈ నోములోకి దింపుతాడు. వాయనం అంటే ఇదే.

ఉద్యాపన మాత్రం ఎవరూ చెప్పకుండానే శాస్త్రోక్తంగా జరుగుతుంది. స్టేజ్ దిగిన గంటలో బిర్యానీ, దాని మీద డబుల్ కా మీఠా, దాని మీద మరో బిర్యానీ. ఎండిన ఒళ్లు ఉప్పును, నీళ్లను ఒక్కసారిగా పట్టేసుకుంటుంది. రెండు మూడు రోజుల్లోనే పొట్ట మీది గీతలు మాసిపోతాయి. అన్ని నెలల తపస్సుకు మిగిలేవి ఫొటోలు.

ఆ ఫొటోల్లో అన్నిటికంటే మంచిదాన్ని ఎంచి, అబ్బాయికి సంబంధాలు చూస్తున్న తల్లి వీధి చివర స్టూడియోకి పట్టుకెళ్తుంది. స్టూడియో కుర్రాడు కంప్యూటర్లో తెరిచి, "సూపర్ బాడీ ఆంటీ! ఏం చెయ్యమంటారు?" అంటాడు.

"కాస్త రంగు తగ్గించు నాయనా. పైన ఒక చొక్కా తొడుగు."