గ్యాస్ వచ్చింది, చేతుల్లేవు

మామయ్యగారి పాత ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరా అటక మీద దొరికింది. దుమ్ము దులిపి, 120 సైజు ఫిల్మ్ రీలు ఒకటి తెప్పించి వేశాను. పన్నెండు ఫోటోలు, అన్నీ చదరాలే. అత్తయ్య పట్టుచీర కట్టుకుని పన్నెండింటికీ తానే నిలబడ్డారు. కడిగించడానికి స్టూడియోకి తీసుకెళ్తే అక్కడి అబ్బాయి రీలును అటూ ఇటూ తిప్పి చూసి, "ముంబై పంపాలి మేడమ్, నెల పట్టొచ్చు. ఒక్కోసారి రాకపోవచ్చు కూడా" అన్నాడు. ముంబై దాకా వెళ్లి తిరిగి రాకుండా పోవడానికి అత్తయ్య ఒప్పుకోలేదు. ఇంట్లోనే కడుగుదామని సామాను కొన్నాను.

సామాను అంటే ముఖ్యంగా రెండు. ఒకటి నల్లటి ప్లాస్టిక్ ట్యాంకు. రీలును చక్రానికి చుట్టి అందులో పెట్టి మూత బిగిస్తే ఇక వెలుతురు లోపలికి పోదు, మందులు మాత్రం పై గరాటులోంచి పోతాయి. ఆ తర్వాత పనంతా వంటింట్లో, ట్యూబ్‌లైటు కిందే చేసుకోవచ్చు. మరి చక్రానికి చుట్టే ఆ కాసేపు చీకటి ఎక్కణ్నుంచి తేవాలి? దానికే రెండోది, నల్ల సంచి. మెడ కుట్టేసిన చిన్నపిల్లాడి చొక్కాలా ఉంటుంది. రెండు పొరల గుడ్డ, కింద రెండు జిప్పులు, రెండు చేతులు, వాటి చివర బిగుతైన ఎలాస్టిక్. ట్యాంకు, చక్రం, మధ్య గొట్టం, మూత, కత్తెర, రీలు అన్నీ లోపల పడేసి, జిప్పులు రెండూ మూసి, ఆ చేతుల్లోంచి మన చేతులు మోచేతుల దాకా దూర్చాలి. ఇక లోపల ఏం జరుగుతోందో మన వేళ్లకు తప్ప లోకంలో ఎవరికీ తెలియదు. వేళ్లకూ పెద్దగా తెలియదు.

120 రీలుకి వెనకాల పొడుగునా కాగితం ఉంటుంది. కాగితాన్ని విప్పుతూ పోతే మధ్యలో ఎక్కడో ఫిల్మ్ తగులుతుంది. తగిలిన ఫిల్మ్ కుదురుగా ఉండదు, మళ్లీ చుట్ట చుట్టుకుంటానంటుంది. దాని మొన పట్టుకుని చక్రం గాడిలోకి ఎక్కించి, రెండు చేతులతో ముందుకీ వెనక్కీ తిప్పాలి. చేతులకు చెమట పడితే ఫిల్మ్ గాడికి అంటుకుని కదలనంటుంది. మే నెల, హైదరాబాదు, రెండు పొరల నల్ల గుడ్డ లోపల చేతులు. చెమట గురించి వేరే చెప్పక్కర్లేదు.

సగం ఫిల్మ్ చక్రానికి ఎక్కింది, సగం బయట వేలాడుతోంది. అప్పుడు బెల్లు మోగింది.

"గ్యాస్!"

ఈ గ్యాస్ గురించి కొంచెం చెప్పాలి. బుక్ చేసి చాన్నాళ్లయింది. అప్పట్నుంచీ ఏజెన్సీకి ఎప్పుడు ఫోన్ చేసినా "ఇవాళో రేపో" అనే అన్నారు. ఇంట్లో అందరం ఖాళీగా కూర్చుని గుమ్మం వైపు చూసిన రోజుల్లో రాలేదు. ఒకసారి, మేమంతా ఇంట్లో ఉండగానే, "తలుపు తాళం వేసి ఉంది" అని మెసేజ్ వచ్చింది. తాళం వేసి ఉన్న తలుపు లోపల కూర్చునే ఆ మెసేజ్ చదివాను. ఫోన్ చేసి అడిగితే, "సిస్టమ్‌లో అట్లనే చూపిస్తుంది మేడమ్" అన్నారు. ఇంట్లో మనిషి ఉన్నాడా లేడా అన్నది మనిషికి కాదు, సిస్టమ్‌కే తెలుస్తుందట. ఆ సిస్టమ్ ఇవాళ, నా రెండు చేతులూ సంచిలో ఉన్న నిమిషం చూసుకుని, సిలిండర్ పంపింది.

అత్తయ్య వంటింట్లోంచి వచ్చి తలుపు తీశారు. చపాతీ పిండి కలుపుతున్నారు, వేళ్లనిండా పిండి. గ్యాస్ అబ్బాయి సిలిండర్ దించి, నన్ను చూశాడు, సంచిని చూశాడు, మళ్లీ నన్ను చూశాడు. ఏమీ అడగలేదు. ఈ పనిలో రకరకాల ఇళ్లు చూసి ఉంటాడు.

"ఓటీపీ చెప్పున్రి మేడమ్."

"ఫోన్లో వచ్చుంటుంది బాబూ. ఒక్క పది నిమిషాలు ఆగుతావా? చేతులు తియ్యడానికి లేదు."

"పది నిమిషాలా? కింద బండి నిండ సిలిండర్లున్నయ్ మేడమ్. ఓటీపీ లేకుంటే డోర్ లాక్ కొట్టి పోవుడే. మళ్ల మీ ఇష్టం."

తెరిచిన తలుపులో నిలబడి డోర్ లాక్ కొడతానన్నాడు. మళ్లీ నేను బుక్ చెయ్యాలి, మళ్లీ ఇవాళో రేపో వినాలి.

ఇప్పుడు చేతులు బయటికి లాగొచ్చు కదా అంటారేమో. లాగితే ఎలాస్టిక్ దగ్గర ఎక్కడో వెలుతురు దూరుతుంది. ట్యాంకులో ఉన్న ఫిల్మ్ అయితే పర్వాలేదు, సగం బయట వేలాడే ఫిల్మ్ అయితే అంతే సంగతులు. అది 400 స్పీడ్ ఫిల్మ్, కాస్త వెలుతురు సోకినా చాలు, అత్తయ్య పన్నెండు పట్టుచీరలూ మాయం. చీర ఒకటే, ఫోటోలు పన్నెండు. ఆ సంగతి అత్తయ్యకీ తెలుసు కాబట్టి గ్యాసా ఫోటోలా అని కాసేపు ఆవిడ కూడా ఊగిసలాడారు. చివరికి, "నువ్వు చేతులు తియ్యకు, ఫోన్ నేను తెరుస్తా" అన్నారు.

ఫోన్ తెరవడానికి నా వేలిముద్ర కావాలి. వేలు సంచిలో ఉంది. "అయితే ఆ జిప్పు కొంచెం తీసి ఫోనే లోపలికి తోసెయ్యనా?" అన్నారు అత్తయ్య. "వద్దూ!" అని నేను అరిచిన అరుపుకి గ్యాస్ అబ్బాయి ఒక మెట్టు దిగాడు. ఫోన్ వెలుగు కూడా వెలుగేనని చెప్పాక జిప్పు వదిలేశారు. మొహం చూపిస్తే తెరుచుకునే ఏర్పాటు ఉంది గానీ, అది నమ్మకమైనది కాదని మావారు పెట్టనివ్వలేదు. ఆయన ఆఫీసులో మీటింగులో ఉన్నారు, మీటింగులో ఉన్నప్పుడు నమ్మకంగానే ఉంటారు.

ఇక మిగిలింది చుక్కలు కలిపే ప్యాటర్న్. దాన్ని అత్తయ్యకి నోటితో చెప్పాలి, గ్యాస్ అబ్బాయి ముందు, వెనకాలే సిలిండర్ సంగతి చూద్దామని పైకొచ్చిన వాచ్‌మన్ ముందు. చెప్పాను. జెడ్ అక్షరం అత్తయ్యా, పై ఎడమ నుంచి మొదలు. అత్తయ్య హైస్కూల్లో లెక్కల టీచరుగా రిటైరయ్యారు. "అంటే పై భుజం, కర్ణం, కింది భుజం" అని ఖాయం చేసుకున్నారు. కర్ణం కరెక్టుగానే గీశారు. కానీ వేలికి పిండి ఉంది. ఫోనుకి పిండి తెలుస్తుంది గానీ, పిండి వెనక ఉన్న వేలు తెలియదు. గీసిన ప్రతిసారీ మధ్య చుక్క దగ్గర ఆగిపోయింది. "నేను గీస్త ఇయ్యున్రి" అన్నాడు గ్యాస్ అబ్బాయి. అప్పటికి వాచ్‌మన్‌కి కూడా ప్యాటర్న్ వచ్చేసింది. ఇంతలో తప్పులెక్కువయ్యాయి, 30 సెకన్లు ఆగమంది ఫోన్.

ఈ 30 సెకన్లలో ఒక ముచ్చట చెప్తాను. చీకటి గది లేకుండా రీలు కడిగే పెట్టెని తొలినాళ్లలో తయారు చేసినాయన ఆర్థర్ మెకర్డీ. ఈయన ఎవరో కాదు, టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహం బెల్ గారి దగ్గర సెక్రటరీ. ఆ పెట్టె హక్కులు ఈస్ట్‌మన్ కంపెనీకి వెళ్లాయి, 1902లో కొడాక్ వాళ్లు డెవలపింగ్ మెషీన్ పేరుతో అమ్మకానికి పెట్టారు. రీలును ఒక సెల్యులాయిడ్ పట్టీతో కలిపి పెట్టెలో చుట్టడం, పక్కనున్న పిడి తిప్పుతూ మందులో కడగడం, అంతే. నడింట్లో, పట్టపగలు. చూడండి మరి. యజమానేమో ఫోన్ కనిపెట్టాడు, సెక్రటరీయేమో ఈ పెట్టె కనిపెట్టాడు. ఇద్దరూ ఒకే చోట పనిచేసినవాళ్లు. రీలు మీద రెండు చేతులూ ఉన్నప్పుడు ఫోన్ తియ్యాల్సొస్తే ఎలా అన్నది ఏ మధ్యాహ్నమో టీ తాగుతూ ఒక్కసారి మాట్లాడుకుని ఉంటే వాళ్ల సొమ్మేం పోయేది?

30 సెకన్లయ్యాయి. ముక్కుతో గీస్తానన్నాను.

ఆ సలహా ఎవరిచ్చారో నాకు గుర్తులేదు, నాకే తట్టిందని అత్తయ్య అంటున్నారు. ఆవిడ రెండు మణికట్ల మధ్య ఫోన్ నొక్కి పట్టుకున్నారు. నేను సంచిని, అందులోని ట్యాంకుని, చక్రాన్ని, వేలాడే ఫిల్మ్‌ని కడుపుకి ఆనించుకుని ముందుకు వంగాను. ముక్కుతో గీసేటప్పుడు గీసేది కనిపించదు. మరీ దగ్గర కాబట్టి చుక్కలు తొమ్మిదీ కలిసిపోయి ఒకటే మసక. పైగా ముక్కుకి కొస ఎక్కడో మనకి నిజంగా తెలియదు. ఇన్నేళ్లు మోస్తున్నాం గానీ కొలిచిందెప్పుడు? ముందు ఎడమ చెంప తగిలి కెమెరా తెరుచుకుంది. నా నాసికారంధ్రాల ఫోటో ఒకటి పడింది, అది కడగక్కర్లేదు, ఇప్పటికీ ఫోన్లో భద్రంగా ఉంది. "పై భుజం బాగా వచ్చింది, ఇప్పుడు కర్ణం, కర్ణం... ఏటవాలుగా, ఏటవాలుగా!" అని అత్తయ్య తొమ్మిదో తరగతికి చెప్పినట్టే చెప్తున్నారు. వాచ్‌మన్ "ఇంకొంచెం కిందికమ్మా" అన్నాడు. గ్యాస్ అబ్బాయి మాత్రం మర్యాదస్తుడు, గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

సరిగ్గా ఆ కర్ణం మధ్యలో పై ఫ్లాట్ ఆంటీ మెట్లు దిగారు.

మోచేతుల దాకా నల్లగుడ్డ కట్టి ఉన్న కోడలు, ముక్కు మీద తెల్లగా పిండి, వంగి ఉంది. అత్తగారు ఏదో పట్టుకుని ఆపుతున్నారు. చుట్టూ ఇద్దరు మగవాళ్లు.

"అయ్యో! రెండు చేతులూనా?" అన్నారు ఆంటీ.

"ఏం లేదాంటీ, ఫిల్మ్..."

"తీశారా? ఫిల్మ్‌లో ఏమొచ్చింది?"

"ఇంకా తెలీదాంటీ. కడగాలి."

"ఎంత నొప్పిగా ఉందో ఏమో, మాట కూడా రావట్లేదు పాపం" అని అత్తయ్య వైపు తిరిగి, "ఎక్స్‌రే చేతికిచ్చేదాకా ఏ విషయం చెప్పరు వదినా, ఈ డాక్టర్లంతా ఇంతే" అన్నారు. అత్తయ్యకి ఫోన్ తెరుచుకున్న సంతోషంలో ఏదీ వినబడలేదు. "వచ్చింది, వచ్చింది!" అన్నారు. ఆంటీ దాన్ని ఇంకోలా అర్థం చేసుకుని దణ్ణం పెట్టుకున్నారు.

ఇక మెసేజ్‌లు. వాటిని తిప్పడం ముక్కుతోనే. ఓటీపీ అడుగున ఎక్కడో ఉంది. దానిమీద, అప్పు కావాలా అని అడిగేవాళ్లు, మీ పార్శిల్ బయల్దేరింది అనేవాళ్లు, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని హెచ్చరించేవాళ్లు. లెక్కల టీచర్లకు ఒక అలవాటు ఉంటుంది, అంకె కనిపిస్తే పైకి చదవకుండా ఉండలేరు. అత్తయ్య పైనుంచి వరసగా చదువుకుంటూ వచ్చి, ఒక చోట ఆగారు.

"ఆరు వేల ఎనిమిది వందల యాభై. ఇదేమిటి? ఫోటో సామాను... నువ్వు పదిహేను వందలన్నావు కదూ?"

"అది తర్వాత మాట్లాడుకుందాం అత్తయ్యా. కింద, ఇంకా కింద."

"ఈ సంచికా?"

"సంచి, ట్యాంకు, మందులు అన్నీ కలిపి అత్తయ్యా."

"గిది ఆరు వేలా?" అన్నాడు గ్యాస్ అబ్బాయి, మొదటిసారి సంచి వైపు గౌరవంగా చూస్తూ.

నాలుగంకెల కోడ్ దొరికింది. చదివారు. అతను కొట్టుకున్నాడు, అయిపోయింది. ఇంతసేపటి యుద్ధానికి పట్టిన పని రెండు సెకన్లు. ఖాళీ సిలిండర్ భుజానికెత్తుకుంటూ, మామూలుగా ఇచ్చే డబ్బుల కోసం నా చేతుల వైపు చూసి, మళ్లీ ఆలోచించుకుని వెళ్లిపోయాడు. ఆ సిలిండర్ బరువు తూచి చూపించాలన్నది నియమం. తూచమని అడగడానికి నాకు మొహం చెల్లలేదు, మొహమంతా పిండి.

ఆ తర్వాత చెప్పేదేమీ లేదు. ఫిల్మ్ గాడికి అంటుకుంది, తిట్టాను, కదిలింది, మూత బిగించాను. ఫ్రిజ్‌లో ఉన్న ఐసుముక్కలన్నీ వాడి అర లీటరు మందుని 20 డిగ్రీలకు దించాను. బొమ్మని నిలబెట్టే హైపో మందు అయింది, నీళ్లయ్యాయి, బాల్కనీ తీగకి క్లిప్పులు పెట్టి ఆరేశాను. పన్నెండూ వచ్చాయి. నేను వంగినప్పుడు ఫిల్మ్ ఎక్కడో మడత పడినట్టుంది, నాలుగు ఫోటోల్లో నెలవంక ఆకారంలో మచ్చలు పడ్డాయి. ఒకటి సరిగ్గా అత్తయ్య నుదుటి మీద. ఆవిడ నెగటివ్‌ని వెలుతురుకి పట్టుకుని చూసి, "బొట్టు పక్కకి జరిగింది" అన్నారు. ఆరు వేల ఎనిమిది వందల యాభైకి బొట్టు కూడా సరిగ్గా రాలేదని సాయంత్రం మావారితో అన్నారట.

గ్యాస్ ఏజెన్సీ నుంచి మెసేజ్ వచ్చింది, మా సేవకు ఎన్ని చుక్కలు ఇస్తారు అని. చుక్కల మాటెత్తితే నాకు మళ్లీ మండింది.

రాత్రికి ఆంటీ మామిడికాయ పప్పు, వడియాలు పంపారు. చేతుల్లేని మనిషి వంటేం చేస్తుంది పాపం అని. అసలు విషయం చెప్పడానికి పైకి వెళ్లబోతుంటే అత్తయ్య గుమ్మం దగ్గర అడ్డుపడ్డారు. రేపు గుత్తి వంకాయట.