పెద్దల పర్యవేక్షణలో

ఎండాకాలం సెలవుల్లో పిల్ల చేతికి ఫోన్ ఇవ్వకూడదన్న తీర్మానం మా ఇంట్లో ఏటా పాసవుతుంది. ఈసారి అమలు బాధ్యత మా ఆయన తన నెత్తిన వేసుకున్నారు. ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్ వెళ్లి, మూసున్న షాపుల ముందు ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లోంచి యాక్టివిటీ బుక్కులు ఏరుకొచ్చారు. మూడూ కలిపి 120 రూపాయలేనట. తెరిచి చూస్తే స్టిక్కర్ల పుస్తకంలో స్టిక్కర్లు తప్ప అన్నీ ఉన్నాయి. చుక్కలు కలిపే పుస్తకంలో ఎవరో పిల్లాడు 37వ చుక్క దాకా వచ్చి ఆపేశాడు. అది ఏనుగో ఆర్టీసీ బస్సో తేలకముందే వాడు ఇంజనీరింగ్‌లో చేరిపోయి ఉంటాడు. మూడోది మాత్రం ఎవరూ ముట్టని పుస్తకం. కత్తిరించి అతికించే బొమ్మలు, ప్రతి పేజీ కింద "పెద్దల పర్యవేక్షణలో చేయాలి" అని హెచ్చరిక.

ఆ హెచ్చరికను మా ఆయన చాలా సీరియస్‌గా తీసుకున్నారు. పర్యవేక్షించాలంటే సామాను ఉండాలి కదా! ఆఫీసు నుంచి అటే బేగంబజార్ వెళ్లారు. ఒక కత్తెర కోసం వెళ్లిన మనిషి రెండు సంచులతో దిగారు. రంగు చార్టులు, చమ్కీ పొడి, అంచులు వంకర్లుగా కత్తిరించే జిగ్‌జాగ్ కత్తెర, సీతాకోకచిలుక ఆకారంలో కాగితం కోసే పంచింగ్ మెషీన్. ఆ రాత్రే మెషీన్ టెస్టింగ్ జరిగింది. మా కరెంటు బిల్లులో కట్టాల్సిన మొత్తం ఉండాల్సిన చోట ఇప్పుడు సీతాకోకచిలుక ఉంది. (ఇంత సామానులో నిజంగా పనికొచ్చింది మా అమ్మాయి తనే అడిగి కొనిపించుకున్న మొన గుండ్రంగా ఉండే చిన్న కత్తెరొక్కటే. కావాలంటే రాసిస్తాను.)

అసలు హీరో గ్లూ గన్. 20 వాట్లది, చూడముచ్చటగా ఉంది. దానికి గ్లూ స్టిక్కులు కిలో లెక్కన వస్తుంటే ఈయన కిలో తెచ్చారు. మా కాలనీ మొత్తం ఊడిపోయినా అతికించొచ్చు. కాకపోతే గన్‌కు పట్టేది 7 మిల్లీమీటర్ల సన్న స్టిక్కు, ఈయన తెచ్చింది 11 మిల్లీమీటర్ల లావుది. "లావుదైతే గట్టిగా అతుకుతుందనుకున్నా" అన్నారు. చాకుతో చెక్కి పెడదామని కూడా చూశారు. అత్తమ్మ చాకు లాక్కున్నారు.

మరుసటి ఆదివారం సాయంత్రం కుందేలు పేజీ వచ్చింది. దూదిని ఉండలు చేసి కుందేలు ఒంటికి అతికించాలి. దూది ఇంట్లోనే ఉంది, అత్తమ్మ వత్తులకని తెప్పించుకున్నది. గమ్ దగ్గరే చర్చ మొదలైంది.

"మైదపిండి ఉడకబెట్టిస్త, ఐదు నిమిషాలు ఆగరాదురా" అన్నారు అత్తమ్మ. ఆవిడ పుట్టిల్లు చేర్యాల దగ్గర. "మా దిక్కు మాస్కులు చింతగింజల బంకతోని, రంపపు పొట్టుతోని జేస్తరు. ఏండ్లకేండ్లు ఉంటయ్."

"అమ్మా, ఇది సైన్స్ యుగం" అని ఈయన డ్రాయర్‌లోంచి సూపర్ గ్లూ తీశారు.

దూది ఉండ మీద ఒక చుక్క వేస్తే చాలేది. తోక ఊడకూడదని ఈయన అరట్యూబు పిండారు. రెండు వేళ్లతో నొక్కి పట్టుకుని "ఇలా పదంటే పది అంకెలు లెక్కపెట్టాలి" అని మా అమ్మాయికి పాఠం చెబుతున్నారు. నాలుగు దగ్గరే కుందేలు తోకలోంచి పొగ వచ్చింది. అగ్గిపుల్ల లేదు, దీపం లేదు, తెల్లగా పొగ! కళ్లు భగ్గున మండాయి. "కాలుతోంది, కాలుతోంది" అని ఈయన గెంతుతున్నారు, కానీ వదలడం లేదు. వదలడం లేదా అంటే, వదలడం రావడం లేదు. బొటనవేలు, చూపుడువేలు, దూది, కుందేలు, పేజీ అన్నీ ఏకమైపోయాయి.

"నాన్నా, పది అయిపోయాయి" అంది మా అమ్మాయి.

నా నెయిల్ పాలిష్ రిమూవర్ తెస్తే అది ఎసిటోన్ లేని రకం, ఈ గమ్‌ను కరిగించేదేమో ఆ ఎసిటోనే. గోళ్లకు మంచిదని ఎక్కువ పోసి కొన్నది ఇలా అక్కరకు రాకుండా పోయింది. పై ఫ్లాట్‌లో ఇంటర్ కెమిస్ట్రీ లెక్చరర్ గారున్నారు. చేతికి కుందేలుతో మెట్లెక్కిన మా ఆయన్ని చూసి ఆయన కంగారుపడలేదు. సంతోషించారు. రిటైరయ్యాక దొరికిన మొదటి స్టూడెంట్ అనుకుంటాను.

"బలవంతంగా లాగకండి, చర్మం ఊడొస్తుంది. గోరువెచ్చటి సబ్బు నీళ్లలో పెట్టండి" అని కూర్చోబెట్టి, వాళ్లావిడ అసలైన రిమూవర్ వెతికేలోపు క్లాసు తీసుకున్నారు. ఈ గమ్ తేమ తగిలితే గట్టిపడుతుందట. దూదిలో సన్నటి పోగులు లెక్కలేనన్ని కాబట్టి మొత్తం ఒక్కసారే గట్టిపడి అంత వేడి పుట్టిందట. "1942లో అమెరికాలో తుపాకీ గురి చూసే అద్దాలకు పారదర్శకమైన ప్లాస్టిక్ కోసం వెతుకుతుంటే ఇది బయటపడింది. ముట్టుకున్న ప్రతిదానికీ అతుక్కుంటోందని పక్కన పడేశారు!"

"వాళ్లకు తెలివుంది" అన్నారు కింద నుంచి వచ్చిన అత్తమ్మ.

"ఇంకో తమాషా చెప్పనా? కంటికి కనిపించని వేలిముద్రలు బయటపెట్టడానికి పోలీసులు ఈ గమ్ ఆవిరే వాడతారు."

అరగంటకు కుందేలు ఊడింది. బొటనవేలి మీద మాత్రం గాజులా గట్టి పొర మిగిలింది.

వేలిముద్రల తమాషా మర్నాడు ఆఫీసు గేటు దగ్గర పూర్తిగా అర్థమైంది. అటెండెన్స్ మెషీన్ మీద మా ఆయన వేలు పెడితే "మళ్లీ ప్రయత్నించండి" అంది. తుడిచి పెట్టారు. మళ్లీ ప్రయత్నించమంది. వెనక క్యూ పెరిగింది. ఫోన్ తీసి హెచ్ఆర్‌కు చేద్దామంటే ఫోన్ కూడా ఆ వేలితోనే తెరుచుకోవాలి, పిన్ గుర్తు లేదు. చివరికి సెక్యూరిటీ అతను జాలిపడి పాత రిజిస్టర్ దులిపి ముందు పెట్టాడు. పేరు, టైము, సంతకం అన్నీ ఎడమచేత్తో పూర్తిచేశారు. ఆఖరి గడి "ఆలస్యానికి కారణం". ట్రాఫిక్ అని రాయొచ్చు, హైదరాబాద్‌లో ఎవరూ అడ్డు చెప్పరు. కానీ ఎడమచేత్తో అంత పెద్ద మాట రాయడం ఎందుకని, "కుందేలు" అని రాసి లోపలికి వెళ్లిపోయారు.