బీచ్ శుభ్రం చేయండి, కానీ ఆ తీగను పీకకండి

నిన్న పొద్దున చెన్నైలోని తిరువాన్మియూర్ బీచ్‌లో చూసిన దృశ్యం ఇంకా కళ్లముందే ఉంది. శుభ్రం చేయడానికి వచ్చినవాళ్లు ప్లాస్టిక్ సీసాలతోపాటు ఇసుక మీద పాకిన తీగనంతా పీకి కుప్ప పోశారు. తెగిన చోటల్లా పాలు కారుతున్నాయి. ఆ కుప్ప మీది పువ్వులోకే ఒక నల్ల తుమ్మెద దూరి, పుప్పొడి పూసుకుని బయటికొచ్చింది. "ఎందుకు పీకుతున్నారమ్మా?" అని అడిగితే, "పిచ్చి మొక్కే కదా ఆంటీ" అంది ఒకమ్మాయి.

పిచ్చి మొక్క కాదు తల్లీ. అది బాలబంద తీగ. చెవులపిల్లి తీగ అని కూడా అంటారు. తమిళంలో అడుంబు, సంగం కాలం నాటి ప్రాచీన తమిళ కవిత్వంలోనే ఆ పేరుంది. ఆకు కొసన రెండుగా చీలి అచ్చం మేక గిట్టలా ఉంటుంది. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ లాటిన్‌లో పెట్టిన పేరుకు అర్థం కూడా మేక పాదమే. మనం ఉడకబెట్టుకు తినే చిలగడదుంపకూ, తూటికూరకూ ఇది దగ్గరి చుట్టం.

కుప్పలోంచి ఒక తీగ లాగి చూశాను. కణుపు కణుపుకీ వేళ్లు, ఆ వేళ్లను వదలకుండా తడి ఇసుక. గాలికి కొట్టుకొచ్చే ఇసుక ఈ ఆకుల మధ్య ఆగి మెల్లగా దిబ్బ కడుతుంది. ఇసుక కప్పేస్తే తీగ పైకి పాకి, మళ్లీ వేళ్లు దించుకుంటుంది. ఉప్పు తుంపరలో, కాళ్లు కాలే ఇసుకలో ఎవరు నీళ్లు పోశారని బతుకుతోంది? పూలు తెల్లవారాక విచ్చి మధ్యాహ్నానికి ముడుచుకుంటాయి. నూగు కప్పిన గింజలు సముద్రం మీద తేలి ఎక్కడెక్కడి ఒడ్డుకో చేరి మొలుస్తాయి. ఉష్ణమండల తీరాలన్నిటా ఇది కనిపించేది అందుకే.

సునామీని ఆపుతుందని నేననడం లేదు. కానీ రోజూ గాలీ, అలలూ కోసుకుపోయే ఇసుకను పట్టి ఉంచేది ఇదే. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చేది ఈ ఇసుకలోకే కదా! దీన్ని పీకేసి, ఆ పక్కనే సిమెంటు కుండీల్లో కొన్న మొక్కలు పెట్టి రోజూ ట్యాంకర్ నీళ్లు పోయడం ఏం శుభ్రం? నాకు నిజంగా కోపం వస్తోంది.

వచ్చే ఆదివారం నేనూ వస్తాను. సంచి నాదే తెచ్చుకుంటాను, గాజు పెంకులు, సీసా మూతలు, గుట్కా ప్యాకెట్లు అన్నీ ఏరతాను. తీగ మీద చెయ్యి వేస్తే మాత్రం అడ్డంగా కూర్చుంటాను.