రౌటర్ కాన్ఫిగ్‌ని ఇంకా టీఎఫ్‌టీపీలోనే పంపుతారా?

బెంగళూరులో మారతహళ్లి, బీటీఎం పీజీల్లో ఉండే మన కుర్రాళ్లు చాలామంది రాత్రంతా చేసే పని కస్టమర్ల రౌటర్లకి, స్విచ్‌లకి కాన్ఫిగ్, అంటే సెట్టింగ్స్ ఫైల్, ఎక్కించడం, బ్యాకప్ తీయడం, అది ఇప్పటికీ చాలాచోట్ల టీఎఫ్‌టీపీ అనే పాత ఫైల్ ట్రాన్స్‌ఫర్ పద్ధతిలోనే నడుస్తోంది. లోపలి నెట్‌వర్కే కదా, ఏమవుతుందిలే అంటారు. నేనైతే ఒప్పుకోను, కస్టమర్ దగ్గర నిజంగా నడుస్తున్న బాక్స్ (రౌటర్ గానీ స్విచ్ గానీ) కాన్ఫిగ్ టీఎఫ్‌టీపీలో పోకూడదు, అంతే.

దానికి లాగిన్ లేదు, ఎన్‌క్రిప్షన్ లేదు, యూడీపీ 69 పోర్టుకి వెళ్లి ఫైల్ పేరు చెప్తే ఇచ్చేస్తుంది. ఫైళ్ల లిస్ట్ చూపించదు కాబట్టి సేఫేనట, వింటే నవ్వొస్తుంది. సిస్కో బాక్స్‌లో కాపీ కమాండ్ కొట్టి ఎంటర్లు నొక్కుకుంటూ పోతే అది పెట్టే పేరు హోస్ట్‌నేమ్, పక్కన హైఫన్, కాన్ఫ్‌జీ. ఆ హోస్ట్‌నేమ్‌నేమో (అంటే బాక్స్ పేరు) సీడీపీ అనే సిస్కో పరిచయ ప్రోటోకాల్ నిమిషానికోసారి పక్క పోర్టులకి చాటింపు వేస్తుంటుంది! ఫైల్ చేతికొచ్చిందా, అందులో ఎస్‌ఎన్‌ఎంపీ స్ట్రింగ్ (బాక్స్‌ని దూరం నుంచి మానిటర్ చేయడానికి వాడే పాస్‌వర్డ్ లాంటిది) ఉన్నదున్నట్టు కనబడుతుంది, సిస్కో టైప్ 7 పద్ధతిలో దాచిన పాస్‌వర్డ్ అయితే క్షణాల్లో విప్పేయొచ్చు. 2018లోనే ప్యాచ్ వచ్చిన, సిస్కో స్మార్ట్ ఇన్‌స్టాల్ అనే సెటప్ ఫీచర్‌లోని లోపాన్ని వాడుకుని రష్యా గూఢచారులు వేల డివైజ్‌ల కాన్ఫిగ్ ఫైళ్లు లాగేశారని ఎఫ్‌బీఐ 2025 ఆగస్టులో చెప్పింది, వాళ్లు వెతికింది కూడా ఈ ఫైళ్లకోసమే.

ఐపీ ఫోన్లు బూట్ అవ్వాలన్నా, రోమ్‌మాన్‌లో (ఓఎస్ లోడ్ కాని రికవరీ మోడ్‌లో) ఇరుక్కున్న బాక్స్‌ని లేపాలన్నా చాలాసార్లు టీఎఫ్‌టీపీ కావాలి, కే9 ఇమేజ్ (ఎన్‌క్రిప్షన్ ఉన్న సిస్కో సాఫ్ట్‌వేర్) లేని పాత స్విచ్‌లో ఎస్‌ఎస్‌హెచ్ అనే సురక్షిత లాగిన్ రాదు, అవన్నీ నిజమే. ఆ నాలుగు బాక్సుల్ని విడిగా పెట్టుకోండి, వాటి పేరు చెప్పి మిగతా నెట్‌వర్క్ అంతా తెరిచి పెట్టడం ఏంటి?

ఎస్‌ఎస్‌హెచ్, లాగిన్లు ముందే సెట్ చేసి ఉన్న బాక్స్‌లో ఎస్‌సీపీ (ఎస్‌ఎస్‌హెచ్ మీద నడిచే ఫైల్ కాపీ) ఆన్ చేయడానికి పట్టేది ఒక్క లైను. కానీ ఎస్‌సీపీలో ఎవరి లాగిన్‌తో ఫైల్ వెళ్లిందో లాగ్‌లో పడుతుంది, అసలు ఇబ్బందల్లా అక్కడే. షిఫ్ట్ మొత్తానికి ఒకటే అడ్మిన్ ఐడీ కదా, లాగ్ చూసినా మనిషెవరో తెలీదు! తక్కువకి కోట్ చేసినవాడికి టెండర్, వాడి కింద సబ్ కాంట్రాక్టర్, ఆ కింద మూడు నెలల కాంట్రాక్ట్ మీద వచ్చిన కుర్రాడు, వాడికి సొంత లాగిన్ ఇవ్వడానికి మాత్రం బడ్జెట్ ఉండదు, ఎవరి లాగిన్ వాళ్లకిచ్చి లెక్క రాసే టాక్ ప్లస్ లాంటి టాకాక్స్ సర్వర్ ఫ్రీగానే దొరుకుతున్నా సరే. రేపు ఏదైనా లీకైతే కేంద్ర ప్రభుత్వ సైబర్ సెక్యూరిటీ సంస్థ సెర్ట్-ఇన్ 2022 రూల్ ప్రకారం తెలిసిన 6 గంటల్లో రిపోర్ట్ చేయాలి, ఎవరు చేశారో లాగ్‌లో లేనప్పుడు ఆ 6 గంటలూ ఏ కాంట్రాక్ట్ కుర్రాడి మీద తోసేద్దామనే మీటింగ్‌లకే సరిపోతాయి.