జెనీవా వారికి గుంటూరు మనవి

అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘం, అంటే ఐఈసీ, 1906లో పుట్టింది. ఇంత వయసు వచ్చినా జెనీవాలో కూర్చున్న ఆ పెద్దలకు మిరపకాయ సంగతి తెలియకపోవడం విచారకరం.

కర్మాగారం ప్యానెల్ బోర్డులో 230 వోల్టులను 24 వోల్టుల డీసీగా మార్చే పెట్టె ఒకటి ఉంటుంది. ఎస్‌ఎంపీఎస్ అంటారు. దాని లోపల ఆ రెండు వైపుల మధ్య ఎంత ఎడం ఉండాలో వీరు మిల్లీమీటర్లలో రాసిపెట్టారు. చుట్టూ ఉన్న మురికిని బట్టి ఆ ఎడం మారుతుంది. అందుకోసం కాలుష్యానికి నాలుగు స్థాయిలు కట్టారు. రెండోది పొడి దుమ్ము, ఎప్పుడైనా కాస్త చెమ్మ. మూడోది చెమ్మ తగిలితే కరెంటును పాకనిచ్చే దుమ్ము. 250 వోల్టుల దగ్గర మామూలు సర్క్యూట్ బోర్డుకు రెండో స్థాయిలో 2.5 మిల్లీమీటర్లు, మూడో స్థాయిలో 4 కావాలి. మనిషి చెయ్యి తగిలే వైపును కాపాడాలంటే అంతకు రెట్టింపు. బజారులో దొరికే పెట్టెల్లో చాలావాటికి పరీక్ష జరిగేది రెండో స్థాయికే.

ఇప్పుడు మే నెలలో గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీ తలుపు తెరవండి. బయటి వేడిగాలి లోపలికి దూరగానే చల్లటి ప్యానెల్ రేకుకు చెమట పడుతుంది, ఆ చెమట మీద ఎర్రటి దుమ్ము వాలుతుంది. ఇది ఏ స్థాయి? ఐదోది ప్రకటించాలని నా డిమాండు. పరీక్షించే నిపుణుడు తుమ్మితే ఆ పెట్టె తప్పినట్టు.

సరే, వాళ్ళు మారేదాకా మన ఏర్పాట్లు మనకున్నాయి. దుకాణంలో అడుగుపెట్టగానే, "భద్రతా గుర్తు స్టిక్కర్ ఉన్నది ఇమ్మంటారా, లేనిది ఇమ్మంటారా అండీ?" అని మర్యాదగా అడుగుతారు. పెట్టె అదే, ధర వేరు. దేనికి డబ్బు ఇస్తున్నామో ఇంత స్పష్టంగా చెప్పే వ్యాపారం లోకంలో ఇంకెక్కడుంది? ఐరోపా వారి సీఈ గుర్తు అక్షరాల ఎత్తు 5 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ఆ ఒక్క నిబంధనను మనవాళ్ళు తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు. కొందరు 10 వేస్తున్నారు, భద్రత రెట్టింపు. మన బీఐఎస్, అంటే భారత ప్రమాణాల సంస్థ, నమోదు గుర్తు కింద ఆర్ అక్షరం, పక్కన అంకెలు ఉంటాయి. బీఐఎస్ కేర్ యాప్‌లో అవి కొడితే అసలో నకిలీయో తేలిపోతుంది. అయితే దుకాణదారు ఎదురుగా నిలబడి ఉండగా ఫోను తీసి అంకెలు కొట్టడం ఏం సంస్కారం?

ఇన్సులేషన్ తట్టుకుంటుందా అని ప్రయోగశాలలో సాధారణంగా 3,000 వోల్టులు ఒక నిమిషం పాటు పెట్టి చూస్తారు. అంత ఖర్చు మనకెందుకు? ఎలక్ట్రీషియన్ చేతి వెనక వైపుతో పెట్టెను తాకి చూస్తాడు. ఎర్త్ తీగ కట్టని పెట్టె రేకు మీద, లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల పుణ్యమా అని, సుమారు 115 వోల్టులు నిలుస్తాయి. ప్రవహించేది కొద్దిపాటి కరెంటే కాబట్టి చురుక్కుమని ఊరుకుంటుంది. చురుక్కుమంటే సరఫరా ఉన్నట్టు, ప్యానెల్ బాగున్నట్టు. ఎర్త్ కడితే ఈ సూచన పోతుందని అనుభవజ్ఞులు దాన్ని వదిలేస్తారు.

ప్రయోగశాల వాళ్ళు నమూనా పెట్టెను పరీక్షించి రకమంతటికీ ధ్రువపత్రం ఇస్తారు. మనం ఏటా విజయదశమికి ప్రతి ప్యానెల్‌కూ విడివిడిగా పసుపు కుంకుమలు పెట్టి, నిమ్మకాయ కోసి మరీ ధ్రువీకరిస్తాం. నిమ్మరసం కరెంటును పారనిస్తుందని ఒక కుర్ర ఇంజనీరు గొణిగాడట. ప్రస్తుతం అతను స్టోర్సులో బోల్టులు లెక్కపెడుతున్నాడు.

ఇక బెజవాడ ఎండ. పెట్టెతో వచ్చే కాగితంలో పది ఆంపియర్లని ఉంటుంది, కింద చిన్న అక్షరాల్లో 50 డిగ్రీలు దాటితే తగ్గించి వాడమని ఉంటుంది. ఆటోనగర్‌లో రేకుల షెడ్డు, అందులో తలుపు బిగించిన ప్యానెల్. ఆ చిన్న అక్షరాలు చదివేవారు దొరికితే సన్మానం చేయాలి.

కాబట్టి తదుపరి కమిటీ సమావేశం గుంటూరులో, మిర్చి సీజనులో జరపాలని కోరుతున్నాను. భోజనాలు, చేతిరుమాళ్ళు మా బాధ్యత. ప్రతినిధులు ప్యానెల్‌ను మాత్రం ముట్టుకోవద్దు. అది చాలా బాగా పనిచేస్తోంది.